వీధి గుమ్మంలో చిట్టెమ్మ

మా అమ్మ ఆ ఇంటి వీధి గుమ్మం ఎక్కడం, ఆవిడ బతికుండగా నేనెప్పుడూ చూడలేదు. పోయిన పద్నాలుగేళ్ళకి, కళ్ళకి ఓ నల్ల డబ్బా కట్టించుకుని చూశాను. నెత్తిన చేపల గంప, నడుముకి బిగించిన కొంగు, మోకాళ్ళ కిందదాకా తడిసిన చీర. మెట్లు మూడూ ఎక్కింది, గుమ్మం దాటి హాల్లోకి వెళ్ళింది, పేము కుర్చీలో కూర్చుంది. ఇంటావిడ నవ్వుతూ కాఫీ గ్లాసు చేతికిచ్చింది. చేపల గంప కుర్చీ పక్కనే ఉంది. నాకు ఒళ్ళు మండిపోయి ఆ డబ్బా పీకి అవతల పారేశాను.

"అక్కా, జాగ్రత్త! అది చాలా ఖరీదు!" అని అరుస్తూ సుధాకర్ పరిగెత్తుకొచ్చాడు.

"మా అమ్మని తీసుకెళ్ళి హాల్లో కూర్చోబెట్టిందెవరండీ?" అన్నాను.

నా పేరు తలుపులమ్మ. రాజమండ్రిలో చేపలమ్ముతాను. మా ఆయన పల్లంరాజు ట్రాలీ ఆటో నడుపుతాడు, నేను వెనక కాటా దగ్గర కూర్చుంటాను. మా అమ్మ చిట్టెమ్మకి ఆటో ఎక్కడిది? రేవు దగ్గర పడవల వాళ్ళ చేత చేపలు పోయించుకుని, గంప నెత్తిన పెట్టుకుని మునసబు గారి వీధి మొదలు పేటంతా తిరిగేది. ఆ వీధిలో పెద్దిల్లు సుధాకర్ వాళ్ళది. వాళ్ళ నాన్న అచ్చిబాబు గారికి కోనసీమలో కొబ్బరి తోటలుండేవి. ఆయన పోయారు. అమ్మగారు ఉషారాణి గారు ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉన్నారు. సుధాకర్ హైదరాబాదులో సినిమాలు తీస్తాడు. నాకంటే రెండేళ్ళు చిన్న.

ఆ ఇంటికి చేపలు పెరటి గుమ్మం నుంచే వెళ్ళాలి. ఆ ఇంటికనే కాదు, ఆ వీధిలో ఏ ఇంటికైనా అంతే. సందులోంచి వెళ్ళి, పెరట్లో అరుగు కింద గంప దించాలి. వాళ్ళు గిన్నె కింద పెడతారు. చేప గిన్నెలో పడాలి, మన చెయ్యి గిన్నెకి తగలకూడదు. డబ్బులు మెట్టు మీద పెడతారు, వాళ్ళు లోపలికెళ్ళాక మనం తీసుకోవాలి. వెళ్ళేముందు గంప దించినచోట మనమే నీళ్ళు కొట్టి వెళ్ళాలి. మా అమ్మ వెనకాల నేను వెళ్ళినప్పుడల్లా ఆ నీళ్ళు కొట్టే పని నాదే. అలాంటి ఇంట్లో పేము కుర్చీట, కాఫీట. సంబడమే!

"అక్కా, ఇది రెండు వేల తొంభైలో జరిగే కథ," అని నన్ను కూర్చోబెట్టి చెప్పాడు సుధాకర్. "అప్పటికి గోదారి లేదు, మన వీధి లేదు. ఓ ముసలాయన ఈ కళ్ళజోడు లాంటిది పెట్టుకుని తన చిన్నప్పటి వీధిలోకి వెళ్తాడు. కంప్యూటర్ కట్టిన వీధి, వర్చువల్ రియాలిటీ. అందులో అన్నీ ఎలా ఉండాల్సిందో అలా ఉంటాయి."

"ఎలా ఉండేవో అలా ఉండవాండీ?"

"అలా ఉంటే మళ్ళీ అక్కడికి వెళ్ళాలని ఎవరికుంటుందక్కా?"

మాకు ఉండదు, నిజమే.

అసలు ఆ గడప తొక్కనని నేను ఎప్పుడో ఒట్టు పెట్టుకున్న మనిషిని. మరి ఈ సినిమాకి ఎందుకు ఒప్పుకున్నావే అంటే, చెబుతాను. మా అమ్మకి ఫొటో లేదు. రేషన్ కార్డు మీద ఒకటుండేది, అందులో మొహం కంటే స్టాంపు పెద్దది. సుధాకర్ మా చేపల బజారుకొచ్చి, బురదలో బూట్లతో నిలబడి, "చిట్టెమ్మత్త కూతురివి నువ్వే కదక్కా? నా సినిమాలో మీ అమ్మ ఉంది. నీ మొహం ఇస్తే ఆవిణ్ణి నడిపిస్తాను, నవ్విస్తాను," అన్నాడు. మా అమ్మ నవ్వడం మళ్ళీ చూడొచ్చా అని ఆశపడ్డాను. అంతే. ఊళ్ళోవాళ్ళు నా మొహం చూస్తే అచ్చం చిట్టెమ్మే అంటారు. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టాను. ఓ ఫంక్షన్ హాల్లో ఆకుపచ్చ గుడ్డలు కట్టి, నా మొహం నిండా చుక్కలు పెట్టి, చుట్టూ కెమెరాలు పెట్టి, నవ్వమన్నారు, ఏడవమన్నారు, చేపల కేక వెయ్యమన్నారు. నాలుగు రోజులు కాగితాలిచ్చి గొంతు కోసమని చదివించారు. నేను చదివింది ఆరో తరగతి మొదటి వారం దాకానే. కూడబలుక్కుని చదివాను.

ఆ ఆరో తరగతి ఎందుకు ఆగిపోయిందో కూడా చెప్పాలి.

తొంభై మూడు జూన్ నెల. అచ్చిబాబు గారింట్లో దేవుడి గూట్లో కుంకుమ భరిణెలో ఉండే బంగారు లక్ష్మీ రూపు పోయింది. అంతకు ముందు రోజు పొద్దున్న మా అమ్మ ఎండకి కళ్ళు తిరిగి, వంటింటి గుమ్మం దాకా వచ్చి మంచినీళ్ళడిగింది. దేవుడి గూడు వంటింటి పక్కనే. ఇంకేముంది? "ఆవిడ తప్ప బయటి మనిషెవరూ రాలేదండీ," అన్నారు ఉషారాణి గారు. ఆ వీధి పెద్దమనిషి త్రిమూర్తులు గారు, పోలీసుల దాకా ఎందుకు, రేవులో ప్రమాణం చేయిద్దామన్నారు. మా అమ్మని మొలలోతు నీళ్ళలో నిలబెట్టారు. పసుపు బట్ట కట్టించారు. "నేను తీసుంటే ఈ గోదారమ్మ నన్ను ఇక్కడే తీసుకుపోవాలి," అని మూడుసార్లు అని మూడు మునకలు వేసి బయటికొచ్చింది. నేను ఒడ్డున నిలబడి చూశాను. అమ్మ బయటికి రాగానే, అమ్మయ్య, అయిపోయింది, ఇంటికెళ్ళిపోవచ్చు అనుకున్నాను.

గట్టు మీద నిలబడి త్రిమూర్తులు గారేమన్నారో తెలుసా? "చేపలోళ్ళని గోదారి ముంచుతుందా? దీనికి ఈతొచ్చు కదా!" అన్నారు. అందరూ నవ్వారు. వాళ్ళు పెట్టిన ప్రమాణమే, వాళ్ళే చెల్లదన్నారు. ఆ రోజు నుంచి మా అమ్మ దొంగ చిట్టెమ్మ. ఆ పేటలో ఒక్క గిన్నె కూడా పెరట్లోకి రాలేదు. గంపెత్తుకుని ధవళేశ్వరం దాకా, కడియం దాకా నడిచేది. ఒక్కత్తే మొయ్యలేక నన్ను బడి మాన్పించి రెండో గంప నా నెత్తిన పెట్టింది. నోట్లో నాలుక లేని మనిషి, ఎవర్నీ ఒక్క మాట అనలేదు. పోయేముందు ఆసుపత్రి మంచం మీద కూడా నా చెయ్యి పట్టుకుని, "నేను తియ్యలేదే," అంది. నాతో అంటుందేమిటి, పిచ్చిది! నాకు తెలియదా?

నాకు కావలసింది ఒక్కటే. మా అమ్మ దొంగ కాదని ఆ వీధి వాళ్ళ నోటితో అనాలి. అది లేకే నేను దొంగ చిట్టెమ్మ కూతుర్నయ్యాను. నా కూతురు హారతి సంబంధం మాటల్లో కూడా ఎవరో ఆ మాట ఎత్తారు.

సరే, ఆ డబ్బా పారేసిన పదిహేను రోజులకి మా ఊళ్ళోనే డబ్బింగుకి రమ్మన్నారు. తెరమీద మా అమ్మ పెదాలు కదిలేచోట నేను మాట కలపాలిట. ఒక్క సీనే ఉందన్నారు, అదే సినిమాకి ప్రాణమన్నారు. చిన్న గది, గోడలకి మెత్తలు, అద్దం అవతల మెర్సీ అని రికార్డింగ్ చేసే అమ్మాయి. సుధాకర్ నా పక్కనే నిలబడ్డాడు. తెరమీద బొమ్మ మొదలైంది.

గోదావరి వంతెన మీద రైలు వెళ్తోంది. కిటికీ దగ్గర తొమ్మిదేళ్ళ పిల్లాడు. పక్కన తండ్రి నిద్రపోతున్నాడు. పెట్టెలో అందరూ చిల్లర తీసి, దణ్ణం పెట్టుకుని, గోదాట్లోకి విసురుతున్నారు. మనవాళ్ళందరం చేసేదే అది, వంతెన రాగానే చెయ్యి జేబులోకి పోతుంది. పిల్లాడు జేబులోంచి తీసింది చిల్లర కాదు. అరచేతిలో లక్ష్మీ రూపు మెరిసింది. కళ్ళు మూసుకుని, "గోదారమ్మా, నన్ను హాస్టల్‌కి పంపకుండా చూడు," అని కిటికీ ఊచల్లోంచి విసిరేశాడు. బంగారం గాల్లో తిరుగుతూ, తిరుగుతూ, నీళ్ళలో పడింది. వెనకాల వీణ వాయించారు.

తర్వాత ముసలాయన ఆ వీధిలోకి వచ్చి మా అమ్మ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. "నేనే తీశాను చిట్టెమ్మత్తా. చేతిలో చిల్లర లేదు. పెద్దది వేస్తే పెద్ద మొక్కు తీరుతుందనుకున్నాను," అన్నాడు. మా అమ్మ అతని తల నిమిరింది. పెదాలు కదిలాయి. మెర్సీ చెయ్యెత్తింది. నా ముందు కాగితం మీద రాసి ఉంది: పోన్లే బాబూ, చిన్నపిల్లాడివి. నాకేం కోపం లేదు.

నేను మాట కలపకుండా తెరకేసే చూస్తున్నాను.

"మళ్ళీ వేద్దాం," అన్నాడు సుధాకర్.

"ఎవరి కథండీ ఇది?" అన్నాను.

దొంగకి తేలు కుట్టినట్టు నిలబడ్డాడు. ఆ మొహం చూశాక నాకింకేమీ అడగాల్సిన పని లేకపోయింది. మైకు కర్ర పట్టుకున్నాను.

"మీరు తీశారా? మీరా?"

"తొమ్మిదేళ్ళ పిల్లాణ్ణక్కా. తెలియక చేశాను. చెప్పే ధైర్యం లేకపోయింది."

"పెద్దయ్యాక?"

"రోజూ గుర్తొచ్చేది. నిజం. అందుకే కదా ఈ సినిమా తీస్తున్నాను! ఇది నా ప్రాయశ్చిత్తం అక్కా."

"ప్రాయశ్చిత్తానికి టిక్కెట్టు పెడతారేంటండీ?"

"నువ్వు అలా అనకు. రేపు లక్షల మంది చూస్తారు. మీ అమ్మ నిర్దోషి అని అందరికీ తెలుస్తుంది."

"ఎవరికి తెలుస్తుందండీ? రెండు వేల తొంభైలో ఉన్నవాళ్ళకా? ఇది మీ కథేనని సినిమాలో ఎక్కడైనా రాశారా?"

రాయలేదు. అది కల్పితమని మొదట్లోనే వేస్తారట. తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నాడట వెనకటికెవడో. ఈయన గారు ముప్పై రెండేళ్ళ తర్వాత చెట్టెక్కాడు, దూడగడ్డి కోసమేనని ఇంకా చెబుతున్నాడు.

"నేను చెప్పను ఈ మాట," అని కాగితం కింద పెట్టేశాను. "మా అమ్మ మీకు ఈ మాట చెప్పలేదు. ఆవిడ బతికుండగా మీరు వచ్చి అడిగుంటే చెప్పేదేమో. అది వెర్రిబాగులది, చెప్పేసేది కూడా. మీరు అడగలేదు. చెయ్యని దొంగతనం అంటగట్టారు, ఇప్పుడు అనని మాట అంటగడతారా?"

అప్పుడు సుధాకర్ గొంతు మారింది. మర్యాదగానే చెప్పాడు, మా గోదారి వాళ్ళకి మర్యాద ఎక్కడికి పోతుంది? "అక్కా, నువ్వు చెప్పకపోయినా పని ఆగదు. నాలుగు రోజులు చదివించాం కదా, నీ గొంతు మా దగ్గరుంది. మెషిన్ చెప్పేస్తుంది. సంతకం కూడా పెట్టావు. నువ్వు స్వయంగా చెబితే ఆ జీవం వేరు కదా అని పిలిచాను."

ఓరి నాయనో అనిపించింది. మొహం ఇచ్చాను, గొంతు ఇచ్చాను. ఇంక మా అమ్మ చేత వాళ్ళు ఏదనిపిస్తే అది అంటుంది. చేపల బజార్లో పాతికేళ్ళు బేరాలాడిన దాన్ని, కోపం మింగి బేరం పెట్టాను.

"సరేనండీ, చెబుతాను. ముందు మీరు అడగండి. ఆ ముసలి యాక్టరు కాదు, మీరు. మీ పేరు, మీ నాన్నగారి పేరు చెప్పి, మా అమ్మ పేరు చెప్పి అడగండి. అప్పుడు నాకు జీవం వస్తుంది."

సుధాకర్ నా కళ్ళలోకి చూశాడు. మెర్సీకేసి చూశాడు. తర్వాత మైకు ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నా పేరు సుధాకర్. మునసబు గారి వీధిలో అచ్చిబాబు గారబ్బాయిని. తొంభై మూడులో మా దేవుడి గూట్లో లక్ష్మీ రూపు తీసింది నేను. హాస్టల్లో సీటు కోసం నాన్నతో వెళ్ళొస్తూ రైల్లోంచి గోదాట్లో వేసేశాను. చిట్టెమ్మత్త తియ్యలేదు. ఆవిడకేమీ తెలియదు. ఆవిణ్ణి నీళ్ళలో నిలబెట్టినప్పుడు నేను గట్టు మీదే ఉన్నాను, నోరు విప్పలేదు." "అత్తా, నన్ను క్షమించు," అని ఏడ్చేశాడు. దొంగేడుపు కాదు. భుజాలు కదిలిపోయేలా ఏడ్చాడు.

నేనూ మనిషినే. ఆ క్షణంలో నాకు జాలేసింది. గట్టు మీద నా పక్కనే ఎక్కడో ఓ పిల్లాడు నిలబడి ఉండుంటాడు కదా అనిపించింది. చెయ్యి చాచి అతని భుజం మీద వెయ్యబోయాను కూడా.

సుధాకర్ కళ్ళు తుడుచుకుని అద్దం వైపు తిరిగాడు. "వచ్చిందా మెర్సీ? లెవెల్స్ బావున్నాయా? ఈ ఫీల్ అసలు మామూలుగా లేదు. హీరోగారికి ఇదే పంపిద్దాం, ఇలాగే చెప్పమందాం," అన్నాడు.

నా చెయ్యి అలాగే వెనక్కి వచ్చేసింది.

"ఇంక నీ లైన్ అక్కా. నాకేం కోపం లేదు, అంతే."

"ఉందండీ," అన్నాను మైకులో. "చాలా ఉంది." చెప్పులేసుకుని బయటికొచ్చేశాను.

మెట్ల మీద మెర్సీ నన్ను ఆపింది. పాతికేళ్ళుంటాయేమో. "మెషిన్‌తో చేసేస్తారాంటీ, ఆయన ఆగరు. నేనాపలేను," అంది. నేను ఊరుకోలేదు. ఆయన చెప్పింది నాకు పంపమ్మా, నీకు పుణ్యముంటుంది అని బతిమాలాను. నా ఉద్యోగం పోతుందాంటీ అంది. అవును, పోతుంది, నేనేం చెప్పగలను? ఆటో ఎక్కి సగం దూరం వెళ్ళాక ఫోను మోగింది. వాట్సాపులో వచ్చింది, సుధాకర్ గొంతు. కింద ఒక్క మాట కూడా రాయలేదు ఆ పిల్ల.

ఇంటికొచ్చి పల్లంరాజుకి వినిపించాను. రెండుసార్లు విన్నాడు.

"ఒద్దే తలుపులూ. పెద్దోళ్ళతో మనకెందుకు? కేసులంటారు, రేపు బండి ఆ వీధిలోకి రానివ్వరు," అన్నాడు.

"మా అమ్మని పోయేదాకా రానిచ్చారా?"

"అది కాదే..."

"మీ అత్తగారు మీకు చేసిన పులుసు తిన్నారా లేదా? దొంగ చేతి పులుసేనా అది?"

మా బండికి మైకు ఉంటుంది, కేకలు వేసి గొంతు పోగొట్టుకోవడం ఎందుకని అందరం పెట్టుకున్నాం. కొరమేనండీ, బొచ్చెలండీ, రొయ్యలండీ అని ఆయన గొంతే రికార్డు చేసి పెన్‌డ్రైవులో పెడతాం, బండి వెళ్తున్నంతసేపూ అదే తిరుగుతూ ఉంటుంది. కాసేపటికి ఆయనే లేచి, పెన్‌డ్రైవు ఊడదీసి, ఫోను షాపుకి బయల్దేరాడు. "చేపల కేక తీసేయమననా?" అని గుమ్మంలోంచి అడిగాడు. తీసేయమన్నాను.

ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి మునసబు గారి వీధిలోకి వెళ్ళాం. ఆదివారమంటే అందరూ ఇళ్ళలోనే ఉంటారు, చేపల బండి కోసం చూస్తుంటారు. మొదటి ఇంటావిడ గిన్నె పట్టుకుని గేటు తీసింది. మైకులో సుధాకర్ మాట్లాడుతున్నాడు. నా పేరు సుధాకర్, అచ్చిబాబు గారబ్బాయిని... ఆవిడ గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. చేపలు తూచమన్లేదు, లోపలికీ వెళ్ళలేదు. బండి నెమ్మదిగా పోతోంది, ఒక్కో గేటూ తెరుచుకుంటోంది. త్రిమూర్తులు గారికి ఎనభై దాటాయి, అరుగు మీద పేపరు చదువుకుంటున్నారు. ఆటో సరిగ్గా ఆయన ముందు ఆపించాను. చిట్టెమ్మత్త తియ్యలేదు, ఆవిణ్ణి నీళ్ళలో నిలబెట్టినప్పుడు... పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారాయన. పేపరు వణుకుతోంది. వణకనివ్వండి.

పెద్దింటి ముందుకి వచ్చేసరికి సుధాకర్ లుంగీతోనే వీధిలోకి పరిగెత్తుకొచ్చాడు.

"ఆపక్కా! ఏంటిది? అది నా సినిమా క్లైమాక్స్! ఇలా వీధుల్లో వేసేస్తే నా సినిమా ఏం కావాలి?"

"మా అమ్మ ఏమైందో అడగరేంటండీ?"

"కూర్చుని మాట్లాడుకుందాం. లోపలికి రా. హాల్లోకి రా అక్కా, ప్లీజ్."

"నేను రాను. మీరే బయట ఉండండి."

ఉషారాణి గారు గోడ పట్టుకుని మెట్లు దిగారు. మోకాళ్ళు పోయాయి ఆవిడకి. గేటు దాకా వచ్చి ఊచలు పట్టుకున్నారు.

"ఆపించవే. వాడు పసివాడు. తొమ్మిదేళ్ళే అప్పటికి."

"నాకు పదకొండండీ."

ఆవిడ వీధిలో నిలబడ్డవాళ్ళకేసి చూశారు. పది, పదిహేను మంది చేరిపోయారు. చేతుల్లో ఖాళీ గిన్నెలు.

"ఏం కావాలే నీకు?" అన్నారు.

"మా అమ్మ దొంగ కాదనండి. ఈ వీధి వినేలా అనండి."

మా ఆయన మైకు కట్టేశాడు. ఉషారాణి గారు నోట్లో నోట్లో ఏదో అన్నారు. వినబడలేదండీ అన్నాను. చిట్టెమ్మ దొంగ కాదు అన్నారు. ఇంకా గట్టిగా అనమన్నాను. నాకు మర్యాద గుర్తులేదు, ఆవిడ పెద్దరికం గుర్తులేదు, ఆ మోకాళ్ళు చూసి జాలి కూడా వెయ్యలేదు. "చిట్టెమ్మ దొంగ కాదు!" అని ఆవిడ అరిచారు. ఆ చివరింటి దాకా వినబడి ఉంటుంది.

సుధాకర్ లుంగీ మడతలోంచి ఫోను తీసి వాళ్ళమ్మకేసి పట్టాడు. అంత పెద్దావిడ, ఆ చేతి మీద ఫట్‌మని ఒక్కటి కొట్టారు. ఫోను రోడ్డు మీద పడింది.

"మరి దొంగెవరండీ?" అన్నాను. కొడుకు పేరు ఆవిడ నోటి వెంట రావాలని అడిగాను. ఆవిడ గుండె కోసెయ్యాలనే అడిగాను, అబద్ధమెందుకు?

"నేనే," అన్నారు ఉషారాణి గారు.

సుధాకర్, అమ్మా ఊరుకో అన్నాడు. ఆవిడ ఊరుకోలేదు.

"వీడు దసరా సెలవులకి వచ్చినప్పుడే నాకు చెప్పేశాడు. ఏడుస్తూ చెప్పాడు. ఎవరితోనూ అనకురా, నాన్న చంపేస్తారని నేనే నోరు మూయించాను. ఆ మర్నాడే మీ అమ్మ పెరటి గుమ్మం దగ్గరికి వచ్చింది."

"మా అమ్మా? ప్రమాణం అయ్యాక ఆ వీధి మొహమే చూడలేదు మా అమ్మ."

"వచ్చిందే. గంపెత్తుకుని వచ్చి, అమ్మగారూ, రూపు దొరికిందాండీ అని అడిగింది. లేదన్నాను. దొరుకుతుందిలెండి అమ్మగారూ, పండగపూట బెంగ పెట్టుకోకండి అని, కిలోన్నర పండుగప్ప గిన్నెలో వేసింది. డబ్బులు మెట్టు మీద పెట్టబోతే ఒద్దంది. నీళ్ళు కొట్టి వెళ్ళిపోయింది." ఆవిడ ఊచలు వదిలేసి రెండు చేతులూ మొహానికి పెట్టుకున్నారు. "వండుకుని తిన్నామే. అందరం కూర్చుని తిన్నాం."

మా అమ్మ అలా వెళ్ళి అడిగిందని నాకు ఆ రోజు దాకా తెలియదు. అంత ఖరీదైన పండుగప్ప దొరికితే మా ఇంట్లో ముక్క ఉంచుకునేది కాదు, అమ్మేసేది. పులుసు పెట్టవే అని నేను ఏడిస్తే ఒక దెబ్బ వేసేది. నేను కాటా పక్కన కూలబడి, ఆ వీధి వీధంతా చూస్తుండగానే, గట్టిగా ఏడ్చాను. మా ఆయన బండి తియ్యలేదు, మైకు మళ్ళీ పెట్టలేదు. గిన్నెలు పట్టుకున్నవాళ్ళు ఒక్కళ్ళూ కదల్లేదు.